గుట్టను రెండోసారి అడిగిన ఐలయ్య

పుష్యమి కార్తె పెట్టిన నాలుగో నాడు పొద్దున్నే ఐలయ్య మంచం దిగి కాలు కింద పెడితే నేల తడిగా తగిలింది. ముందు పైకి చూశాడు. కప్పుగా వేసిన పరదా ఎక్కడా చిరగలేదు, కారిన జాడ లేదు. మంచం కోళ్ళ దగ్గర మాత్రం మట్టి మెత్తబడి, వేలు పెడితే లోపలికి దిగింది. మూడు రోజులుగా ముసురు పట్టిన మాట నిజమే గానీ, గుడిసె చుట్టూ తవ్విన కాలువ సగం కూడా నిండలేదు. బయటి నీళ్ళు లోపలికి రాలేదు. మరి ఈ తడి ఎక్కడిది?

ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మట్టి వాసన కాదది. నలిగిన రాతి వాసన, దాని వెనకాల సన్నగా పేలుడు మందు వాసన. అవి గుట్ట కడుపులోని నీళ్ళు. ఐలయ్య మళ్ళీ మంచం మీదే కూలబడ్డాడు.

పిడికెడు తడికి అంత బెదిరిపోవడం ఏమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఐలయ్య ఊరికే బెదిరే మనిషి కాడు. వడ్డెర ఇంటి బిడ్డ. చేవెళ్ళ పక్క పల్లెలో మూడో తరగతి దాకా పలక పట్టాడు. ఆ తరువాత తండ్రి సమ్మెట చేతికిచ్చాడు. పదహారో ఏట మొదటి బావి తవ్వాడు. అరవై దాటేనాటికి ఇరవై తొమ్మిది బావులు తవ్వాడు, వాటిలో ఒక్కటీ వట్టిపోలేదు. శంకరపల్లి తోవ కింద నీళ్ళు పోయే మూడు మోరీలు, రెండు ఊళ్ళ బడి మెట్లు ఆయన చెక్కిన రాళ్ళే. రోళ్ళకూ తిరగళ్ళకూ లెక్కే లేదు. సమ్మెటతో గుండు మీద ఒక్కటి వేసి, ఆ మోత విని, లోపల నెర్రె ఎటు పోయిందో, ఉలి ఎక్కడ పెడితే గుండు రొట్టె విరిగినట్టు విరుగుతుందో చెప్పేవాడు. అన్నిటికన్నా పెద్ద మాట ఇంకొకటుంది. నలభై ఏళ్ళలో ఆయన చేతి కింద పని చేసిన మనిషి ఒక్కడు కూడా రాయి పడి చావలేదు. కాలో చెయ్యో పోగొట్టుకోని ఇల్లు వడ్డెర వాడల్లో వెతికినా దొరకదు. ఐలయ్య ముఠాలో అందరికీ ఇరవై వేళ్ళూ ఉండేవి.

దానికి కారణం ఆయన తండ్రి నేర్పిన పద్ధతి. కొత్త గుట్ట మీద ఉలి పెట్టే ముందు, ఇంటి పెద్ద బిందెడు పసుపు నీళ్ళు పైకి మోసుకుపోయి, గుండ్ల నడుమ ఉన్న పెద్ద సందులో పోస్తాడు. మిగిలినవాళ్ళు గుట్ట చుట్టూ నిలబడి, ఆ పసుపు ఎక్కడ బయటికి వస్తుందో చూస్తారు. ఎన్ని బీడీలు కాలేంత సేపటికి వచ్చిందో లెక్కపెడతారు. అది గుట్టలో నీళ్ళ తోవ. ఆ తోవ బయటపడే చోట గుడిసె వెయ్యరు, కొట్టిన రాయి పొయ్యరు, ఎంత తొందర పనైనా ఆ సందు మూయరు. వానాకాలం గుట్ట తాగిన నీళ్ళు అటే పోవాలి. పోకపోతే గుండ్ల కింది మట్టి నాని, గుండు జారుతుంది. ఆ ఇంట్లో దీన్ని గుట్టను అడగడం అనేవాళ్ళు.

ఇంకొక కట్టుబాటు కూడా తండ్రే చెప్పి పోయాడు. ఒక గుట్టను ఒక్కసారే అడగాలి. మళ్ళీ అడిగితే, అది చెప్పిన మాట నమ్మనట్టు. నమ్మని వాడికి గుట్ట అబద్ధం చెబుతుంది.

ఆ ఏడు, అంటే తొంభై ఎనిమిదిలో, మాదాపూర్ దాటి రాయదుర్గం పోయే తోవలో ఒక కంపెనీ ఏడంతస్తుల ఆఫీసు మొదలుపెట్టింది. పక్కనున్న గుట్టను సగం దాకా కొట్టి చదును చెయ్యాలి. అక్కడ ముప్పై ఒక్క గుడిసెల కూలీలు ఉండేవాళ్ళు, సగం మంది వడ్డెరలు, సగం మంది పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. గుడిసెలన్నీ గుట్టకు పడమట వైపు ఉండేవి. చైత్రమాసంలో ఐలయ్య గుట్టను అడిగాడు. రెండు బీడీలు కాలేంత సేపటికి పడమటి గుండ్ల సందులోంచి పసుపు నీళ్ళు సన్నగా కారాయి.

సైటు ఇంజినీరు వెంకటనారాయణది గుంటూరు వైపు. ముప్పై ఐదేళ్ళవాడు. అతను నవ్వలేదు. దగ్గరికొచ్చి, వంగి, ఆ నీళ్ళు చేత్తో పట్టుకుని చూశాడు.

"బాగుందండీ పెద్దాయనా. అయితే తూర్పు వైపు భద్రమేనంటారా?"

"పొల్లుపోదు సార్. తూర్పు దిక్కు ఈ గుట్టకు ఒడి లెక్క. పసిపిల్లలను పండవెట్టొచ్చు."

ఇంజినీరు ఆ మాట ఐలయ్య పేరుతో సహా కాగితం మీద రాసి పైకి పంపాడు. ముప్పై గుడిసెలు ఆ రోజే లేచాయి. సాయమ్మ ఒక్కతే లేవనన్నది. పాలమూరు మనిషి, మొగుడు లేడు, నోరు పెద్దది. నలభై తట్టల ఎర్రమట్టి మోసి అలుక్కున్న నేల ఆమెది.

"నీ పసుపు నీళ్ళకు నా అరుగు ఇడిచిపెట్టాల్నా పెద్దమేస్త్రీ? రేపు సున్నం నీళ్ళు పోసి మల్ల పడమటికి పొమ్మంటవ్."

ఐలయ్య మీసం దువ్వుకున్నాడు. "ఈ ఐలయ్య నోట్లకెల్లి ఒక్కటే మాట వస్తది సాయమ్మా. రెండోది రాదు. లే."

ఆమె తిట్టుకుంటూనే లేచింది.

ఆ తరువాత రెండు నెలలు కంప్రెసర్లు పెట్టి రంధ్రాలు తొలిచారు. రోజూ మధ్యాహ్నం ఈల వేసి, ఎర్రజెండా ఊపి, మందు పేల్చారు. గుడిసెల్లో గిన్నెలు గలగలమనేవి. పడమట సగం గుట్ట కంకరై లారీలెక్కింది. ఐలయ్య అన్నీ చూశాడు. కానీ మనసులో గుట్ట చైత్రంలో ఎట్లా ఉందో అట్లాగే ఉండిపోయింది. ఒకసారి మాటిచ్చిన పెద్దమనిషిలాగా.

ఇప్పుడా తూర్పు ఒడిలో, తడి నేల మీద, ఆయన కోడలు బాలమ్మ పన్నెండు రోజుల బాలింత. గుడిసె లోపలి మూల నులక మంచం మీద పసిగుడ్డును పక్కలో వేసుకుని పడుకుని ఉంది.

ఐలయ్య బయటికి వచ్చాడు. వాన తెరిపిచ్చింది. గుట్ట మీద తడిసిన గుండ్లు నల్లగా, ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఏనుగంత గుండు. రోజూ చూసే గుండే గానీ ఆ పొద్దు అది ముందుకు వంగినట్టు కనిపించింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. వంగిందో లేదో తేల్చుకోలేకపోయాడు. రాయిని చూసి తేల్చుకోలేకపోవడం ఆయనకు అదే మొదటిసారి.

మూడో గుడిసె ముందు సాయమ్మ చెప్పుతో నేలను టపటపా కొడుతోంది.

"ఏందది?"

"తేళ్ళు పెద్దమేస్త్రీ. పొద్దుగాల్నుంచి నాలుగైనయి. నల్లయి, జానెడు. నీ గుట్ట తల్లి ఒడిల పిల్లలకు తోడుగ తేళ్ళను పంపింది."

ఐలయ్య వంగి ఒకదాన్ని పుల్లతో తిరగేశాడు. నల్లతేళ్ళు రాతి నెర్రెల్లో లోతుగా ఉంటాయి. ఊరికే బయటికి రావు. వాటి ఇంట్లోకి నీళ్ళొస్తే తప్ప రావు.

ఇంకో రెండు గుడిసెల్లో నేల తొక్కి చూశాడు. రెండూ మెత్తబడ్డాయి. ఎవరికీ ఏమీ చెప్పకుండా తన గుడిసెకు వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. భార్య భాగ్యమ్మ గంజి వారుస్తూ ఆ చేతుల వైపు చూసింది.

"ఏందయ్యా, చలిజ్వరం వచ్చిందా?"

"లేదే."

"మరేంది?"

అప్పుడు చెప్పాడు. నీళ్ళ తోవ మారినట్టుంది. మారిందని ఖాయంగా చెప్పాలంటే మళ్ళీ అడగాలి. మళ్ళీ అడగొద్దని నాయన చెప్పాడు. అడిగి, నిజంగానే మారిందని తేలితే, ముప్పై ఒక్క కొంపలను తన నోటితోనే గుట్ట నోటికి తెచ్చిపెట్టినవాడవుతాడు.

భాగ్యమ్మ గంజి గిన్నె పక్కన పెట్టింది. "మీ నాయన ఉలితోని కొట్టిండు, మందు పెట్టి పేల్చలే. గుట్ట నెత్తి పలగ్గొట్టినంక అది నిన్నటి మాటనే చెప్పాల్నంటే ఎట్ల చెప్తది?" అని లేచి, పసుపు డబ్బా దులిపింది. పిడికెడు కూడా లేదు. చెంగు పట్టుకుని గుడిసె గుడిసెకు పోయి అడుక్కొచ్చింది. సాయమ్మ కూడా ఇచ్చింది, "ఈసారి ఎటు పొమ్మంటడో" అని ఒక దెప్పు జతచేసి.

ఐలయ్య బిందె భుజాన పెట్టుకుని ఎక్కాడు. వెయ్యిసార్లు ఎక్కిన కాళ్ళు ఆ పొద్దు ప్రతి గుండునూ తడిమి చూసుకుని గానీ బరువు మోపలేదు. పైన ఏనుగు గుండు కింద పెద్ద సందు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. చైత్రంలో ఆ సందులో ఆయన అరచెయ్యి అడ్డంగా పట్టలేదు. ఇప్పుడు మోచేతి దాకా పోయింది. లోపల చెయ్యికి చల్లటి గాలి తగిలింది. గభాలున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తల్లీ, తప్పుగా అనుకోకు" అని పసుపు నీళ్ళు వంచాడు. ఇదివరకు నీళ్ళు బుడబుడమంటూ, ఆగి ఆగి దిగాయి. ఇప్పుడు బిందెడూ ఒక్క గుక్కలో పోయింది. చప్పుడే లేదు, పాడుబడ్డ బావిలో పోసినట్టు.

కింద ఆడవాళ్ళంతా చీరెలు ఎగదోపుకుని పడమట కొట్టగా మిగిలిన గుండ్ల చుట్టూ నిలబడ్డారు. పసుపు అక్కడే వస్తుందని అందరికీ తెలుసు మరి. తూర్పు వైపు చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. పైనుంచి చూస్తున్న ఐలయ్యకు తెలిసినా, అటు నిలబడండని కేకెయ్యడానికి నోరు రాలేదు. అటు వస్తుందని పైకి అంటే అదే నిజమవుతుందేమోనని భయం. తడి చేతుల మధ్య బీడీ ముట్టించుకున్నాడు.

బీడీ సగం కాలలేదు, తూర్పు నుంచి బాలమ్మ అరుపు వినిపించింది.

"మామా! అత్తా! పొయ్యి కింద పచ్చగ నీళ్ళొస్తున్నయి!"

ఐలయ్య గుట్ట ఎట్లా దిగాడో ఆయనకే తెలియదు. మోకాలు చీరుకుపోయింది. గుడిసెలోకి పోయేసరికి పొయ్యి రాళ్ళ మధ్య బూడిదను తోసుకుంటూ పసుపు నీళ్ళు బుగ్గలు బుగ్గలుగా పైకొస్తున్నాయి. బాలమ్మ బిడ్డను ఎత్తుకుని మంచం మీద నిలబడి ఉంది. చైత్రంలో రెండు బీడీల సేపు పట్టిన నీళ్ళు ఇప్పుడు సగం బీడీకే వచ్చాయి, అదీ తన పొయ్యిలోకే.

జనం గుమిగూడారు. ఐలయ్య వాళ్ళ వైపు తిరిగాడు గానీ ఎవరి మొహమూ చూడలేదు.

"నా మాట తప్పయింది. తూర్పు దిక్కు మంచిది కాదు. సామాన్లు కట్టుండ్రి."

అందరికన్నా ముందు సాయమ్మ నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

"ఒక్కటే మాట వస్తదంటివి గద? ఇది ఎన్నోది?"

ఆయన తల దించుకుని వెంకటనారాయణ దగ్గరికి పరుగెత్తాడు. ఇంజినీరు రేకుల షెడ్డులో ఉన్నాడు. విని, కుర్చీలోంచి లేచాడు.

"మీరేగదండీ చెప్పింది? మీ పేరు రాసి మరీ పంపాను. మొన్న సిటీ నుంచి పెద్ద ఇంజినీరు వచ్చి గట్టి బండేనన్నాడు. ఇప్పుడు ముప్పై కుటుంబాలను ఎక్కడ పెట్టమంటారు? బిల్డింగు కిందంతస్తులో నిన్ననే ఫ్లోరింగు పరిచాం. ఎవరినీ రానివ్వొద్దని ఆర్డరండీ."

"సార్, నేను అడిగింది ఆనాటి గుట్టను. మీరు మందు పెట్టినంక ఇది వేరే గుట్ట. నేను చూసుకోలె. తప్పు నాదే. నా పేరు కొట్టేసి రాసుకోండ్రి. జర ఒక్కసారి వచ్చి చూడుండ్రి."

వెంకటనారాయణ వచ్చాడు. బూట్లతో గుడిసెలోకి అడుగుపెట్టాడు. బూటు చీలమండ దాకా దిగబడింది. కాలు పైకి లాగితే బూటు అక్కడే ఉండిపోయింది. అతను ఒంటి బూటుతో బయటికొచ్చి, ఏనుగు గుండు వైపు చూశాడు.

"ఫ్లోరింగు సంగతి నేను చూసుకుంటానండీ. తీసుకెళ్ళండి అందర్నీ."

మధ్యాహ్నం రెండింటికి వాన మళ్ళీ మొదలైంది. ఈసారి ముసురు కాదు, కుండపోత. మూటలు, గిన్నెలు, కోళ్ళు, ముసలివాళ్ళు ఒక్కొక్కరుగా గోడలు లేని ఆ కిందంతస్తులోకి చేరారు. బాలమ్మను భాగ్యమ్మ పరదా కప్పి నడిపించుకొచ్చింది. ఐలయ్య మెట్ల దగ్గర నిలబడి కుటుంబాలను లెక్కపెట్టాడు. ముప్పై. మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పై.

సాయమ్మ రాలేదు.

భాగ్యమ్మ చెయ్యి పట్టుకుంది. "నువ్వు పోకు. ఎవరినన్నా పడుచోళ్ళను పంపు."

"ఆమెను ఆడికి తెచ్చింది నేనే గదనే" అని చెయ్యి విడిపించుకున్నాడు.

గుడిసెల మధ్య నీళ్ళు పిక్కల దాకా ఎర్రగా పారుతున్నాయి. గుట్ట లోపల ఎక్కడో పళ్ళు కొరికినట్టు చప్పుడు. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. సాయమ్మ తన గుడిసెలో పెట్టె మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"లే సాయమ్మా."

"లేవ. ఒకసారి నీ మాట మీద లేస్తే తేళ్ళల్ల పడ్డ. ఇంకోసారి లేస్తే ఏంట్ల పడ్తనో. నేను ఈన్నే ఉంట, నువ్వు పో."

"తల్లీ, కాళ్ళు మొక్కుత."

"మొక్కు. మొక్కినా లేవ."

ఐలయ్య తవ్విన బావులు, కట్టిన మోరీలు, నలభై ఏళ్ళ పేరు, ఏ ఒక్కటీ ఆ మాటకు దన్నుగా రాలేదు. పేరు మీద ఆమెను ఒకసారి లేపాడు, ఆ పేరు ఖర్చయిపోయింది. తడి నేలలోనే కూర్చున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

సాయమ్మ వంగి ఆయన మొహంలోకి చూసింది.

"గింత భయపడ్తున్నవేంది?"

"ఆ పైన గుండు వచ్చేటట్టుంది సాయమ్మా. వస్తదో రాదో నాకు తెలుస్తలేదు. తెలుస్తలేదు గనకనే భయం."

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "మొదటిసారి చెప్పినప్పుడు మీసం దువ్వుకుంట చెప్పినవ్. ఇప్పుడు నీ గదువ వణుకుతున్నది." పెట్టె దిగింది. "లే ఇగ. నన్ను లేపొచ్చి నువ్వే కూసుంటివి."

ఆమె ఆయన రెట్ట పట్టి లేపింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఆ నీళ్ళలో నడిచారు. ఐలయ్య ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని తెలుసు. కిందంతస్తు మెట్టెక్కిన తరువాత, బీడీ ముట్టించుకునేంత సేపటికి, నేల ఒకసారి అదిరింది. ఉరుములాగా లేదు. బరువైనదేదో దీర్ఘంగా ఈడ్చుకుపోతున్న మోత. వాన తెరలో ఏమీ కనిపించలేదు. పిల్లలు ఏడవడం మానేశారు. పెద్దవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఎవరూ చూడటానికి పోలేదు.

పొద్దు వాలే ముందు వాన వెలిసింది. ఏనుగు గుండు ఉన్న చోట ఖాళీ ఆకాశం ఉంది. అది దొర్లలేదు, కింది మట్టితో సహా జారింది. పదకొండు గుడిసెలు లేవు. ఐలయ్యదీ, సాయమ్మదీ ఆ పదకొండులోవే. ఆమె పెట్టె మూత ఒక్కటే బురదలో దొరికింది. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. వెంకటనారాయణ మూడుసార్లు లెక్కపెట్టించి, మెట్ల మీద కూర్చుని మొహం కప్పుకున్నాడు.

ఐదు రోజుల తరువాత కంపెనీవాళ్ళు రోడ్డుకు అవతల చదునులో కొత్త గుడిసెలు వేసుకొమ్మన్నారు. వెనకాల చిన్న గుట్ట ఒకటి ఉంది, చిన్నదే. ఇంజినీరు కాగితం పట్టుకుని వచ్చి, "ఇక్కడ భద్రమేనాండీ పెద్దాయనా?" అని అడిగాడు. ఐలయ్య ఆ కాగితం మీద పేరు రాయనివ్వలేదు. మందు పేల్చిన ప్రతి రోజూ, పెద్దవాన పడిన ప్రతి పొద్దూ మళ్ళీ అడగాలన్నాడు. నాలుగు దిక్కులా మనుషులు నిలబడాలన్నాడు, తను ఎటు చూపించినా సరే. వెంకటనారాయణ అదే రాసుకున్నాడు. నెలకు పది కిలోల పసుపు అని కూడా రాశాడు. పైవాళ్ళు అదెందుకని అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తూ పోయాడు.

ఆ సాయంత్రం ఐలయ్య చిన్న గుట్ట మీద నీళ్ళు పోసి, నాలుగు దిక్కులా కాపలా పెట్టి, ఉత్తరం వైపు పసుపు కనిపించాక దిగి వచ్చాడు. దక్షిణం వైపు సాయమ్మ కొత్త గుడిసెకు పరదా కట్టుకుని, గడపలో నిలబడి ఉంది.

"పెద్దమేస్త్రీ, ఈడ పండుకోవచ్చునా?"

పాత ఐలయ్య అయితే మీసం మీద చెయ్యి వేసేవాడు. ఆయన గుట్ట వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు.

"ఇయ్యాల్టికి పండుకో. రేపు పొద్దుగాల మల్ల చూస్త."